ఉగ్గు గిన్నె, సెరిలాక్ డబ్బా: పసిపిల్లల తిండిపై వాదనలో మరుగున పడుతున్న సంగతులు

క్లుప్తంగా: ఆరు నెలలు నిండిన బిడ్డకు ఇంట్లో వండినదే పెట్టాలా, ప్యాకెట్ తిండి పెట్టవచ్చా అన్న వాదన 2024 నుంచి మళ్లీ వేడెక్కింది. తిండి ఎక్కడ తయారైందన్నదాన్ని బట్టి మంచి చెడ్డలు తేలవు. గిన్నెలోని చిక్కదనం, చక్కెర, ఇనుము, ముద్ద గట్టిదనం చూడాలి. వాదనకు అసలు మూలం చాలా ఇళ్లలో తల్లికి మిగిలే సమయంలో ఉంది.

2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ, శిశు ఆహార ప్రచారంపై పోరాడే ఐబీఫ్యాన్‌తో కలిసి ఒక నివేదిక విడుదల చేసింది. భారత్‌లో అమ్మే సెరిలాక్ రకాల్లో పూటకు సగటున దాదాపు 3 గ్రాముల చక్కెర కలుపుతున్నారనీ, అదే నెస్లే సంస్థ జర్మనీ, బ్రిటన్‌లలో అమ్మే అలాంటి ఆహారంలో చక్కెర కలపడం లేదనీ దాని సారాంశం. తాము భారతీయ నిబంధనలకు లోబడే ఉన్నామని, గత ఐదేళ్లలో కలిపే చక్కెరను 30 శాతం వరకు తగ్గించామని కంపెనీ జవాబిచ్చింది. అదే ఏడాది అక్టోబరులో, 21 రకాల్లో 14 రకాలను శుద్ధి చేసిన చక్కెర లేకుండా తెస్తున్నట్టు ప్రకటించింది.

తెలుగు ఇళ్లలో ‘సెరిలాక్’ ఒక కంపెనీ సరుకు పేరుగా మిగల్లేదు. పసిపిల్లల ప్యాకెట్ తిండి మొత్తానికీ అదే పేరు. అందుకే ఆ వార్త ఇంటింటి సంగతి అయింది. కొందరు ఆ రోజే డబ్బా తీసి పారేశారు. ‘మేమూ అదే తిని పెరిగాం, మాకేమైంది?’ అన్నవారు కొందరు. అమ్మమ్మ ఉగ్గు వద్దని పుస్తకం చూసి పెంచినందుకే ఇంత దూరం వచ్చిందని పెద్దవాళ్లు, ఉద్యోగం మానేసి రోజూ ఎవరు వండుతారని కోడళ్లు. అన్ని వైపులా కొంత నిజముంది. ఎవరి నిజం ఎంతవరకు చెల్లుతుందన్నది విడదీసి చూడాలి.

## డబ్బాకు గౌరవం వచ్చిన కాలం, పోయిన కాలం

ఇప్పుడు ప్యాకెట్‌ను తప్పుపడుతున్న నాయనమ్మల తరంలో డబ్బా ఉన్నింటి గుర్తు. బొద్దుగా ఉన్న బిడ్డను ‘గ్లాక్సో బేబీ’ అని మురిపెంగా పిలిచేవారు. పాలపొడి డబ్బా, ఫారెక్స్ డబ్బా అటక మీద వరుసగా ఉంటే ఆ ఇంట బిడ్డకు లోటు లేదని అర్థం. ఇప్పుడు చాలాచోట్ల ఈ వరుస తిరగబడింది. చదువుకున్న, సంపాదన ఉన్న ఇళ్లు మొలకెత్తిన రాగులు, చిరుధాన్యాల పొడుల వైపు మళ్లుతుంటే, కూలికి వెళ్లే ఇళ్లలో 5 రూపాయల బిస్కెట్ ప్యాకెట్, 10 రూపాయల చిరుతిండి పసివాళ్ల చేతిలోకి చేరుతున్నాయి. ఆహారం మీద ఇష్టానిష్టాలుగా కనిపించేవాటిలో అంతస్తు వాటా ఎంతో కూడా గమనించాలి.

డబ్బాల ప్రచారానికి చట్టం అడ్డుకట్ట వేసిన చరిత్ర కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పేద దేశాల్లో పాలపొడి దూకుడుగా అమ్మి, కలుషిత నీటితో కలిపిన పాలతో పిల్లలు చనిపోవడానికి కారణమయ్యారన్న ఆరోపణలతో 1977లో నెస్లే సరుకుల బహిష్కరణ ఉద్యమం మొదలైంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల అమ్మకంపై అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. 118 దేశాలు అనుకూలంగా, అమెరికా ఒక్కటే వ్యతిరేకంగా ఓటు వేశాయి. భారత్ 1992లో శిశుపాల ప్రత్యామ్నాయాల చట్టం తెచ్చి, 2003లో దాన్ని మరింత బిగించింది. రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ఏ రూపంలోనూ ప్రకటనలు ఇవ్వకూడదు. డబ్బా మీద పసిపిల్లల బొమ్మగానీ స్త్రీ బొమ్మగానీ ఉండకూడదు. తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమన్న మాట ముద్రించాలి. టీవీలో సెరిలాక్ ప్రకటన కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఈ చట్టంలో ‘శిశు ఆహారం’ నిర్వచనం చాలా విశాలమైనది. ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు తల్లిపాలకు తోడుగా పెట్టమని చెప్పి అమ్మే ఏ ఆహారమైనా, దానికి ఏ పేరు పెట్టినా, అందులోకి వస్తుంది. ఆ లెక్కన ఫోన్లలో ముద్దొచ్చే పసివాడి ఫోటో పక్కన ‘ఇంట్లో చేసిన ఉగ్గు పొడి’ అని అమ్మే ప్రకటనలకూ అదే నిషేధం వర్తించాలి. పెద్ద కంపెనీ మీద ఉన్న నిఘా ఈ చిన్న అమ్మకాల మీద కనిపించదు. అలాంటి పొడుల్లో చాలావాటి మీద ఏ దినుసు ఎంత పాళ్లలో ఉందో ఉండదు. ‘ఇంటిది’ అన్న ఒక్క మాట మీదే నమ్మకం నడుస్తోంది.

## 26 వారాల లెక్క

మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత రెండేళ్లు, వీలైతే ఆపైన కూడా తల్లిపాలతో పాటు ఇతర ఆహారం పెట్టాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. మన అన్నప్రాశన ముహూర్తం కూడా ఇంచుమించు ఆ ఆరో నెల దగ్గరే పడుతుంది.

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల వేతన సెలవు ఇచ్చింది. 26 వారాలంటే ఆరు నెలలు. తల్లిపాలు కొనసాగించడానికి ఈ లెక్క సరిపోయింది. కానీ బిడ్డకు ఉగ్గు మొదలుపెట్టాల్సిన వారమే తల్లి ఆఫీసుకు తిరిగి వెళ్లాల్సిన వారం కూడా. ప్రసవానికి ముందే కొన్ని వారాలు వాడుకుంటే ఇంకా ముందే వెళ్లాలి. 50 మంది, అంతకుమించి సిబ్బంది ఉన్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని అదే చట్టం చెప్పింది. మిరప కోతకు, పత్తి ఏరడానికి వెళ్లే తల్లికి ఆ 26 వారాలూ లేవు, ఆ కేంద్రమూ లేదు.

తొమ్మిది నెలల బిడ్డకు రోజుకు కనీసం మూడుసార్లు పెట్టాలి. వండటం, చల్లార్చడం, మెదపడం, చందమామను చూపించి ఒక్కో ముద్దా తినిపించడం కలిపితే పూటకు ముప్పావు గంట. ఈ పనిని పంచుకునే రెండో మనిషి ఇంట్లో ఉంటే ఉగ్గు నిలుస్తుంది, లేకపోతే డబ్బా వస్తుంది. హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉండే భార్యాభర్తలకూ, డల్లాస్‌లో ఉండే భార్యాభర్తలకూ ఈ విషయంలో తేడా లేదు. దీన్ని తల్లి బద్ధకంగా చూపే మాటలు పచ్చి అన్యాయం. తండ్రి పేరు ఈ వాదనలో దాదాపు వినిపించకపోవడం మరో అన్యాయం.

ఆ మాటకొస్తే ఉగ్గు కూడా సమయం ఆదా చేయడానికి పుట్టినదే. బియ్యం, పెసరపప్పు కడిగి, నీడన ఆరబెట్టి, కాస్త జీలకర్ర, వాము వేసి దోరగా వేయించి, బరకగా విసిరి డబ్బాలో పోస్తే నెల రోజులు వస్తుంది. పూటపూటకూ నీళ్లలో వేసి ఉడికిస్తే చాలు. అది మన పెద్దల ‘రెడీ మిక్స్’. అందువల్ల సౌలభ్యం కోరుకోవడం కొత్త తరం తెచ్చిన జాడ్యం కాదు.

## గిన్నె ఎంత చిక్కగా ఉంది?

ఇంటి వంట, ప్యాకెట్ తిండి అన్న వాదనలో అందరూ దాటేసే విషయం ఇదే. బిడ్డ బరువు పెరగకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు తల్లిపాలు కాక, బయటి ఆహారం నుంచి రోజుకు సుమారు 200 కేలరీలు కావాలి. తొమ్మిది నుంచి పదకొండు నెలల మధ్య 300, ఏడాది దాటాక 550. బిడ్డ పొట్టలో పట్టేది కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు. ఏడు కిలోల బిడ్డ ఒక పూటలో తినగలిగేది చిన్న గ్లాసెడే.

ఒక చిన్న గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల నీళ్లలో రెండు చెంచాలు, సుమారు 10 గ్రాముల పిండి వేసి కాచిన పల్చటి జావలో ఉండేది దాదాపు 35 కేలరీలు. ఆ లెక్కన 200 కేలరీలు అందాలంటే అలాంటివి ఆరు గ్లాసులు తాగించాలి. ఏ బిడ్డా తాగలేదు. ఒక్క గ్లాసుకే పొట్ట నిండి మూతి తిప్పుకుంటుంది. ‘కడుపు నిండా తిన్నాడు, అయినా ఒళ్లు చేయడం లేదు’ అని తల్లి దిగులుపడుతుంది. పప్పు మీది తేట, గంజి, పల్చటి చారన్నం అన్నిటిదీ ఇదే కథ. అదే జావలో ఒక చెంచా నెయ్యి, అంటే 5 గ్రాములు వేస్తే 45 కేలరీలు అదనం. ఒక్క చెంచాతో బలం రెట్టింపు దాటింది. చెంచా వంచితే జారిపోకుండా, నెమ్మదిగా ముద్దలా పడితే చిక్కదనం సరిపోయినట్టు.

మరి చిక్కగా కాస్తే బిడ్డ మింగలేదు కదా? పిండిలోని గంజి పదార్థం వేడి నీటిని పీల్చి ఉబ్బుతుంది. అందుకే కాస్త పిండికే గిన్నె గట్టిపడుతుంది, తల్లి ఇంకొన్ని నీళ్లు పోస్తుంది. మొలకెత్తించడంలోని గొప్పతనం ఇక్కడ బయటపడుతుంది. మొలక వచ్చిన గింజలో అమైలేస్ అనే ఎంజైమ్ పుడుతుంది. అది ఉబ్బిన గంజి పదార్థాన్ని చిన్న ముక్కలుగా తెంచుతుంది. మొలకెత్తించి ఎండబెట్టి, సన్నటి సెగ మీద వేయించి విసిరిన రాగి పిండి ఒక్క చెంచా, గట్టిగా ఉడికిన ఉగ్గులో దించే ముందు కలిపితే నీళ్లు పోయకుండానే అది జారుగా మారుతుంది. పిండి మోతాదు తగ్గదు, మింగడం సులువవుతుంది. బరోడాలోని ఎంఎస్ విశ్వవిద్యాలయంలో 1980లలో దీని మీద విస్తారంగా పరిశోధన జరిగింది.

ఫ్యాక్టరీ చేసేదీ దాదాపు ఇదే. ధాన్యపు పిండిని నీళ్లలో కలిపి ఎంజైమ్‌తో పాక్షికంగా విరగ్గొట్టి, సలసల కాగే ఇనుప రోలర్ల మీద పల్చగా పరిచి ఆరబెడతారు. పొరలుగా రాలిన ఆ పొడి అప్పటికే ఉడికిపోయి ఉంటుంది, అందుకే గోరువెచ్చటి నీళ్లలో కలిపితే చాలు. దీన్ని బట్టి ప్యాకెట్‌లో మాయ మందేదో కలిపారన్న అనుమానం సరికాదు. ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం కలిపితే చిక్కదనం ఎప్పుడూ ఒకేలా వస్తుందన్నది దాని నిజమైన బలం. ఖర్చు కలిసొస్తుందని కొలత తగ్గించి పల్చగా కలిపితే ఆ బలమూ పోతుంది.

## చక్కెర: చట్టం ఇచ్చిన సందు

భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ శిశు ఆహారంపై 2020లో చేసిన నిబంధనల ప్రకారం సుక్రోజ్ (మామూలు చక్కెర), ఫ్రక్టోజ్ (పండ్ల చక్కెర) కలపకూడదు. కానీ పిండిపదార్థపు వనరుగా అవసరమైతే, మొత్తం పిండిపదార్థాల్లో 20 శాతం మించకుండా కలపవచ్చు. ఈ ‘కానీ’ నుంచే చక్కెర బిడ్డ గిన్నెలోకి వచ్చింది. భారత్‌లో ఒకలా, ఐరోపాలో ఒకలా అమ్మినా నిబంధన ఉల్లంఘన కాకపోవడానికి కారణం ఇదే. చట్టం గీసిన హద్దు, వైద్యం కోరే హద్దు ఒకటి కావు. అమెరికా ప్రభుత్వ ఆహార మార్గదర్శకాలు (2020-25) రెండేళ్లలోపు పిల్లలకు కలిపిన చక్కెర అసలే వద్దన్నాయి.

3 గ్రాములంటే ముప్పావు చెంచా. పరిమాణం చిన్నదే అనిపిస్తుంది. దెబ్బ తగిలేది రుచి దగ్గర. తీపి మీద ఇష్టం పుట్టుకతోనే వస్తుంది, చేదు, పులుపు, కూర రుచులు మాత్రం మళ్లీ మళ్లీ పెడితేనే అలవాటవుతాయి. ప్రతి పూటా తీపే అయితే ఆ అలవాటుకు చోటు దొరకదు. తోటకూర కలిపిన పప్పన్నం చూసి ఏడాది బిడ్డ మొహం తిప్పుకోవడం అలా మొదలవుతుంది.

అయితే ఈ లెక్క ఇంటికీ వర్తిస్తుంది. బెల్లం, పటికబెల్లం, ఖర్జూరపు పాకం కలిపిన రాగి జావను ‘చక్కెర లేనిది’ అనుకోవడం పొరపాటు. బెల్లంలో కొద్దిపాటి ఖనిజాలు ఉన్నా అది ప్రధానంగా చక్కెరే. తేనె అయితే ఏడాది లోపు పిల్లలకు ప్రమాదం కూడా: అందులో ఉండగల బ్యాక్టీరియా బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి బోట్యులిజం అనే పక్షవాతపు జబ్బు తేగలవు. తేనెలో వస అరగదీసి నాకించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ‘చక్కెర కలపలేదు’ అన్న ప్యాకెట్ కూడా తియ్యగానే ఉండవచ్చు. ఎంజైమ్ విరగ్గొట్టిన గంజి పదార్థం మాల్టోజ్ అనే చక్కెరగా మారుతుంది, పండ్ల గుజ్జు పొడి తన తీపి తాను తెస్తుంది.

## ఇనుము దగ్గర ప్యాకెట్‌కు మార్కులు

నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి నుంచి తెచ్చుకున్న ఇనుము నిల్వ సుమారు ఆరు నెలలు వస్తుంది. తల్లిపాలలో ఇనుము చాలా తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆరు నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నవారు 11.3 శాతమే. ఇంటి తిండి దానంతట అదే సంపూర్ణం అన్న నమ్మకాన్ని ఈ అంకెలు నిలవనివ్వవు.

రాగుల్లో ఇనుము దండిగా ఉంటుందన్న మాట బాగా వ్యాపించింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు. అది నిజంగా గొప్ప సంగతి. ఇనుము మాత్రం 4.6 మిల్లీగ్రాములే. బిడ్డ తినే 30 గ్రాములలో దక్కేది ఒకటిన్నర మిల్లీగ్రాములకు లోపే. అందులోనూ గింజల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు కొంత పట్టేసుకుంటాయి. నానబెట్టి మొలకెత్తిస్తే ఆ పట్టు సడలుతుంది. నిమ్మరసం, జామ, టమాటా వంటివి తోడైతే ఇనుము ఇంకాస్త ఒంటబడుతుంది. మాంసాహారం తినే ఇళ్లలో మెత్తగా ఉడికించి మెదిపిన కాలేయం, మాంసం తేలికగా ఒంటబట్టే ఇనుమును ఇస్తాయి. ప్యాకెట్ ధాన్యాహారంలో ఇనుము విడిగా కలుపుతారు. శాకాహార ఇళ్లలో అది చెప్పుకోదగ్గ మేలు.

ఇంటికీ ప్యాకెట్‌కూ సంబంధం లేని మూడో దారి కూడా ఉంది. అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లలకు వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం సిరప్ ఉచితంగా ఇవ్వాలి. ఆశా కార్యకర్త దగ్గర దొరికే ఆ సీసా గురించి ఈ వాదనలో ఎవరూ ఎత్తరు.

## పీల్చే తిండి, నమిలే తిండి

మూతి దగ్గర గొట్టం ఉండే పండ్ల గుజ్జు పౌచ్‌లు ఇప్పుడు మన నగరాల దుకాణాల్లోనూ కనిపిస్తున్నాయి. వీటి సమస్య తీపితో ఆగదు. బిడ్డ పీల్చి మింగుతుంది, నమలదు. బ్రిటన్‌లోని ఏవన్ ప్రాంతంలో వేలమంది పిల్లలను పుట్టుక నుంచి గమనించిన అధ్యయనంలో, గడ్డలున్న ఆహారం తొమ్మిది, పది నెలలు దాటాక మొదలైన పిల్లల్లో తిండి పేచీలు ఎక్కువగా కనిపించాయి. మిక్సీలో ప్రతిసారీ వెన్నలా రుబ్బే అలవాటు ఇంట్లోనూ ఇదే చేటు చేస్తుంది. గోరుముద్ద పాత పద్ధతే అయినా, వేళ్లతో మెదిపిన అన్నంలో మిగిలే చిన్న పలుకులే బిడ్డకు నమలడం నేర్పుతాయి.

అమెరికాలోని తెలుగు తల్లిదండ్రుల దిగులు వేరు. 2021లో అక్కడి ప్రతినిధుల సభ ఉపసంఘం శిశు ఆహారాల్లో ఆర్సెనిక్, సీసం, కాడ్మియం ఉన్నాయని నివేదిక ఇచ్చింది. పసిపిల్లల బియ్యపు ఆహారంలో ఆర్సెనిక్‌కు 2020లోనే కిలోకు 0.1 మిల్లీగ్రాము హద్దు పెట్టారు, పొడి ధాన్యాహారంలో సీసానికి 2025 జనవరిలో. వరి నీళ్లలో పెరిగే పంట కాబట్టి నేలలోని ఆర్సెనిక్‌ను ఇతర ధాన్యాల కంటే ఎక్కువగా పీలుస్తుంది. ఇంటి నుంచి సూట్‌కేసులో వచ్చిన ఉగ్గు పొడి కూడా బియ్యమే కాబట్టి, ప్యాకెట్ మానేసినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. రాగి, గోధుమ, పెసర, జొన్న మార్చి మార్చి పెట్టడమే మార్గం.

## పేరు చూసి మోసపోకుండా

వయసు పెరిగేకొద్దీ డబ్బాల పేర్లు మారతాయి. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, బోర్న్‌విటా వంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్’ల వరుసలో అమ్మవద్దని ఈ-కామర్స్ సంస్థలకు చెప్పింది. ఆహార భద్రత చట్టంలో అలాంటి వర్గమే లేదు. అంతకంటే పెద్ద పోరాటం హైదరాబాద్ నుంచే సాగింది. తీపి పానీయాలను, విరేచనాలప్పుడు తాగించే ‘ఓఆర్‌ఎస్’ ద్రావణం పేరుతో అమ్మడంపై పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములు. ఆ పానీయాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు, విరేచనాలతో నీరసించిన బిడ్డకు అది మరింత హాని. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది.

ప్యాకెట్ ముందువైపు రాసేది అమ్మడానికి, చదవాల్సింది వెనకవైపు. దినుసులను బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నియమం. మొదటి మూడు నాలుగు పేర్లలో చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్, గ్లూకోజ్ సిరప్ ఉంటే అది రోజువారీ తిండి కాదు. ప్రయాణంలోనో, తల్లికి జ్వరం వచ్చిన రోజో, చక్కెర కలపని ధాన్యాహారం ఒక పూట పెడితే నష్టం లేదు. మూడు పూటలా అదే అయినప్పుడు రుచి, నమలడం, ఖర్చు మూడూ దెబ్బతింటాయి.

## ఎంచుకునే వీలు లేనివారి ప్యాకెట్

ఈ వాదన అంతా కొనగలిగే ఇళ్లది. తెలుగు రాష్ట్రాల్లో లక్షల మంది పసిపిల్లలకు ప్యాకెట్ తిండి అంటే అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు 2.5 కిలోల సంచి ఇస్తారు. తెలంగాణలో ఇది హైదరాబాద్ నాచారంలోని ప్రభుత్వ ఫ్యాక్టరీలో తయారవుతుంది. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర దాని దినుసులు. ఇనుము, కాల్షియం, విటమిన్లు అదనంగా కలుపుతారు. చిక్కదనం, ఇనుము, పప్పు, నూనె అన్న నాలుగు లెక్కల్లోనూ అది పల్చటి గంజి కంటే ఎంతో మేలు.

చక్కెర ప్రశ్న దాన్నీ వదలదు. తీపిగా ఉంది కాబట్టే పిల్లలు తింటున్నారన్న వాదన ఉంది. తీపిగా ఉంది కాబట్టే ఇంట్లో పెద్ద పిల్లలు, పెద్దవాళ్లు లడ్డూలు చేసుకుని పంచుకుంటున్నారన్నదీ క్షేత్రంలో కనిపించేదే. అలా అయినప్పుడు బిడ్డకు దక్కే రోజు వాటా తగ్గిపోతుంది. విదేశీ కంపెనీ డబ్బాలో పూటకు 3 గ్రాములపై ఏడాది పాటు చర్చ జరిగింది. దుకాణంలో అరల ముందు నిలబడి రకాలు ఎంచుకునే అవకాశం లేని తల్లి చేతికి వచ్చే సంచిలో చక్కెర ఎంత ఉండాలన్నది కూడా అంతే పట్టుదలతో అడగాల్సిన ప్రశ్న. దీనికి జవాబు చెప్పాల్సింది కంపెనీలు కావు, రెండు ప్రభుత్వాల మహిళా శిశు సంక్షేమ శాఖలు.